నీడ లైను

ఎర్ర బకెట్‌ను రెండు చేతులా మోసుకొచ్చి నీడ లైను మొదట్లో దించాడు నర్సింగ్. నీళ్లు తొణికి చెప్పులు తడిశాయి. ఎడమ రెక్క రాత్రి నుంచి లాగుతూనే ఉంది.

గల్ఫ్‌లో అల్ ఖువైర్ అనే చోట ఆఫీసుల వెనక పార్కింగ్ అది. అక్కడ కార్లు కడిగేవాళ్ల సంఘానికి పేరు లేదు, బోర్డు లేదు. కట్టుబాటు మాత్రం ఉంది. తెల్లారేసరికి ఎవరి కార్ల లైను మొదట్లో వాళ్ల నిండు బకెట్ కనిపించాలి. ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. పనిరోజున ఒక్కసారి తప్పినా, ముందొచ్చినవాడిదే లైను. ఈ మాట ఖాయం చేయించింది నర్సింగే. ఒక కేరళ మనిషి జ్వరంతో రూమ్‌లో పడుకున్న రోజున అతనిదైన, బిల్డింగు నీడ పడే ఈ లైను నర్సింగ్ చేతికొచ్చింది.

ఇప్పుడు దానిమీద ఇస్రార్ కన్ను పడింది. కొత్తవాడు, ఎంత తక్కువకైనా కడుగుతానంటాడు. రోజూ చీకటితోనే వచ్చి, ఎర్ర బకెట్ చూసి, మొహం మాడ్చుకుని ఎండ లైనుకు పోతాడు.

ఖురియాత్‌లో బిల్డింగు సైట్ పని ఆగిపోయి తమ్ముడు సంజీవ్ వస్తున్నాడు. ఆదివారం నుంచి లైను ఇద్దరిదీ, బకెట్ వాడు పెడతాడు. ఈ రోజు బుధవారం. శుక్ర, శనివారాలు ఆఫీసులకు సెలవు. ఇక గండం రేపటిదొక్కటే.

పక్క లైను షరీఫ్‌ది. కడప మనిషి. ఏళ్ల తరబడి ఇద్దరికీ కార్ల దగ్గర పోటీ.

"ఏమన్నా, కార్లకన్నా నువ్వే ఎక్కువ తడిసినావే," అన్నాడు షరీఫ్.

"నీ లెక్క తడిగుడ్డ తాకిచ్చి పోవుడు రాదు నాకు."

నర్సింగ్ గొంతు తగ్గించాడు. "షరీఫ్ భాయ్, రెక్క గుంజుతాంది. రేపొక్కనాడు నా బకెట్ జర పెట్టరాదూ? ఐతారం తమ్ముడొస్తడు."

షరీఫ్ గుడ్డ పిండాడు. "ఒకరిది ఇంకొకరు పెట్టగూడదన్నది నువ్వే గదన్నా. ఆ కేరళ మనిషి గూడా నన్ను ఇట్లే అడిగినాడు. నీ మాటకే నేను పెట్టలేదు."

"గట్లనా," అన్నాడు నర్సింగ్. మళ్లీ అడగలేదు.

అద్దాలు తుడిచాడు. తలుపుల అంచుల్లో పేరుకున్న ఇసుక వేలితో తీశాడు. చక్రాల మసి వదిలేదాకా రుద్దాడు. మధ్యాహ్నానికి చివరి తెల్లకారు అయింది. దాని చక్రానికి వీపు ఆనించి, తడిగుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

షరీఫ్ రెండుసార్లు పిలిచాడు. తర్వాత లేచి వచ్చాడు.

అంబులెన్సు వెళ్లిపోయాక మిగిలినవాళ్లు ఎవరి లైనుకు వాళ్లు వెళ్లారు. కార్లు ఆరిపోతున్నాయి.

మర్నాడు ఇస్రార్ చీకటితోనే వచ్చాడు. నీడ లైను మొదట్లో ఎర్ర బకెట్ ఉంది.

"ఎవరిది?"

"నర్సింగన్నది," అన్నాడు షరీఫ్ తలెత్తకుండా.

"ఆయన పోయాడు కదా."

"బకెట్ ఉంది గదా."

ఇస్రార్ తడిసిన షరీఫ్ చెప్పులవైపు చూశాడు. తన బకెట్ ఎత్తుకుని ఎండ లైనుకు నడిచాడు.

ఎర్ర బకెట్లో నీళ్లు ఇంకా కదులుతున్నాయి.