గట్టు మీద పురిటిగది

వశిష్ట గోదావరి కోతకు ఆ ఏడు నువ్వులలంకలో పదకొండు ఇళ్ళు పోయాయి. పల్లంరాజు ఇల్లు వాటిలో ఏడోది. జూలై ఆఖరున వరద తీస్తోంది, ఇక భయం లేదని అందరూ అనుకుంటున్నప్పుడు కింద మట్టి జారి, ముందు వంటగది, తరవాత పెద్దగది ఏటిలోకి ఒరిగిపోయాయి. అప్పుడు పల్లంరాజు, భార్య సుబ్బాయమ్మ అన్నం తింటున్నారు. చేతిలో కంచాలతోనే బయటికి వచ్చి నిలబడ్డారు.

ఇళ్ళు పోయినవాళ్ళందరూ ఏటిగట్టు మీదికి చేరారు. వీఆర్వో వచ్చి పేర్లు రాసుకుని ఇంటికో నీలం టార్పాలిన్ బరకం ఇచ్చి, స్థలాల జాబితా తయారవగానే కబురు చేస్తామని చెప్పి వెళ్ళాడు.

బరకంతో డేరా వేయడం పల్లంరాజుకు కొత్తేమీ కాదు. ముప్ఫై ఏళ్ళుగా పులస చేపల వేట కాలంలో నెలకు తక్కువ కాకుండా ఇసక తిన్నెల మీద డేరా వేసుకుని బతికిన మనిషి. బరకానికి కుట్టిన కన్నాలను నమ్మొద్దని, గాలి లాగితే ముందు చిరిగేది అవేనని అందరికీ చెప్పాడు. అంచులో ఒక గులకరాయి పెట్టి గుడ్డను దానిచుట్టూ మెలిపెట్టి, ఆ మెడకు తాడు బిగించడం నేర్పాడు. తూర్పుగాలికి డేరా వీపు చూపించాలన్నాడు. నీళ్ళు నిలవకుండా వాలు ఎక్కువ పెట్టించాడు. చుట్టూ జానెడు లోతు కాలవ తవ్వించాడు. తన డేరా అందరికంటే ఆఖరున వేసుకున్నాడు.

సుబ్బాయమ్మ తాటాకులతో దడి కట్టుకుందామంది. ఆయన ఒప్పుకోలేదు. రెండు నెలల్లో స్థలం ఇస్తారు, ఇక్కడ దడులెందుకన్నాడు. దసరా వెళ్ళేసరికి పదకొండు డేరాల్లో నాలుగే మిగిలాయి. కొందరు చుట్టాల ఇళ్ళకు, కొందరు భీమవరం వైపు రొయ్యల చెరువుల కాపలాకు వెళ్ళిపోయారు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, రాణి. నరసాపురం దగ్గర ఊళ్ళో ఇచ్చారు. అల్లుడు సురేష్‌బాబు భీమవరం ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇల్లు పోయేనాటికి రాణికి అయిదో నెల. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి కాబట్టి ఏడో నెలలో తీసుకురావాలి. అప్పుడు రాణి అత్తగారు, చిన్నమ్మాయి అనే ఆవిడ, ఫోన్ చేసి, మీ ఇబ్బంది మాకు తెలుసు వదినా, పురుడు మేమే పోసుకుంటాం, మనసులో ఏం పెట్టుకోకండి అంది. మంచి మనసుతోనే అంది. సుబ్బాయమ్మ సరేనంది. కానీ ఆ తరవాత మూడు రోజులు ఆవిడకు అన్నం సయించలేదు. పిల్లను పురిటికి తెచ్చుకోలేనిదాన్ని అయిపోయానని ఒకటే మాట.

ఎనిమిదో నెల ఆఖరున రాణి ఫోన్ చేసి తనను తీసుకెళ్ళమని అడిగింది. తొమ్మిదో నెల రాగానే వస్తానంది. డేరాలోనైనా అమ్మ దగ్గరే ఉండాలనుందంది.

పల్లంరాజు ఆ సాయంత్రమే శ్రీనివాసరాజుగారి దగ్గరికి వెళ్ళాడు. గట్టుకు ఇవతల నాలుగెకరాలు చేసుకునే రైతు ఆయన. ధాన్యం కప్పడానికి మందపాటి నల్ల బరకం ఒకటి ఆయన దగ్గరుంది. పాతికేళ్ళుగా పల్లంరాజు ఆ ఇంట్లో చేపలు వేస్తున్నాడు. సంగతి విని రాజుగారు లోపలికెళ్ళి బరకాన్ని స్వయంగా మోసుకొచ్చారు.

"కోతలకింకా పదిహేను రోజులుంది. తీసుకెళ్ళు. కోతలప్పుడు మాత్రం నాక్కావాలి, పల్లంరాజూ."

"ఆయ్, మీరు కబురెట్టిన రోజే మడిచి తెచ్చేస్తానండి."

రెండు రోజులు కష్టపడి పల్లంరాజు తన జన్మలో వెయ్యనంత మంచి డేరా వేశాడు. లంకలోంచి కొత్త వెదుర్లు నరుక్కొచ్చాడు. కింద పాత నీలం బరకం, పైన మూరెడు ఎడంతో నల్లది కట్టాడు, ఎండ వేడి దిగకుండా. నేలను అరడుగు ఎత్తు చేసి, ఇసక పోసి, పైన చాప పరిచాడు. ఓ పక్క చీరలు అడ్డం కట్టి నవారు మంచం వేశాడు. కాస్త దూరంలో మరుగుదొడ్డికి ఇంకో చిన్న గుడారం కట్టాడు.

తొమ్మిదో నెలలో ఓ ఆదివారం పొద్దున్నే చిన్నమ్మాయి, సురేష్‌బాబు రాణిని వెంటబెట్టుకుని వచ్చారు. చిన్నమ్మాయి చుట్టూ తిరిగి అన్నీ చూసింది. మంచం మీద కూర్చుని పైకప్పు వైపు చాలాసేపు చూసింది.

"అన్నయ్యగారూ, ఇంత పని చేశారా మీరు" అంది చివరికి. పది రోజులు ఉంచి చూద్దామని, వాన ముసురుపడితే మాత్రం తీసుకెళ్ళిపోతామని చెప్పి వెళ్ళారు.

తొమ్మిది రోజులు బాగానే గడిచాయి. సుబ్బాయమ్మ కూతురికి రోజూ తలకు నూనె పెట్టింది. అడిగిన కూరలన్నీ వండింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఓ జల్లు పడింది. లోపల ఒక్క చుక్క కూడా దిగలేదు. రాణి మంచం మీంచి చెయ్యి చాపి, కింద నేలను తడిమి చూసి, "నాన్నా, పొడిగా ఉంది" అని నవ్వింది. ఆ పూట పల్లంరాజు వల బాగుచేస్తూ కూనిరాగం తీయడం సుబ్బాయమ్మ విన్నది. ఇల్లు పోయాక ఆయన గొంతులో పాట వినడం అదే మొదటిసారి.

పదో రోజు పొద్దున్న వాయుగుండం అన్నారు. శ్రీనివాసరాజుగారు బండి మీద గట్టెక్కి వచ్చారు. రాణి తల ఆరబెట్టుకుంటూ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆయన ఆ పిల్లను చూసి బండి దిగకుండానే ఆగిపోయారు. ఎన్నో నెలమ్మా అని అడిగారు. మందులు వాడుతున్నావా అన్నారు. పల్లంరాజు ఎదురొచ్చి నిలబడ్డాక కూడా అసలు మాటకు రాలేకపోయారు.

"వాన వస్తుందని మొన్ననే కోయించేశానయ్యా. నూర్చి రాశి పోశాం. గొడౌనుకు లారీ ఎల్లుండి గానీ రాదంటున్నారు. ఊళ్ళో ఎవర్నడిగినా బరకం దొరకట్లేదు" అన్నారు నేలకేసి చూస్తూ.

"అడగడానికి మొహమాటమెందుకండి. మాటిచ్చాను కదా."

పల్లంరాజు తానే తాళ్ళు విప్పాడు. సుబ్బాయమ్మ పక్కకొచ్చి, రెండ్రోజులు ఆగమని అడుగు, కావాలంటే నేను కాళ్ళు పట్టుకుంటానంది.

"ఆయన ఏడాది కష్టమే అది" అన్నాడు పల్లంరాజు.

"మరి మనదో?"

ఆయన ఆఖరి ముడి కూడా విప్పాడు. బరకం మడిచి బండికి కట్టి ఇచ్చాడు. రాజుగారు తల తిప్పుకుని వెళ్ళిపోయారు.

మిగిలింది నీలం బరకం. నాలుగు నెలలు ఎండకు ఎండి, పట్టుకుంటే పోగులు పోగులుగా ఊడుతోంది. వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసిన ముక్కలు, ఎరువు సంచులు పోగేసి పల్లంరాజు దాని మీద పరిచి కట్టాడు. రాణిని అత్తవారింటికి పంపేద్దామా అనుకున్నారు గానీ, సురేష్‌బాబుకు ఫోన్ కలిసేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే వాన అందుకుంది.

రెండింటికి గాలి లేచింది. గులకరాళ్ళు కట్టిన చోట్లు నిలిచాయి. కానీ వాటి పక్కన గుడ్డే చిరగడం మొదలెట్టింది. ఎరువు సంచులు ఎగిరిపోయాయి. మధ్యలో నీళ్ళు నిండి బరకం బానలా కిందికి దిగింది. పల్లంరాజు దాని కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తి మోశాడు. నీళ్ళు ఓ పక్కకు ఒంచితే మళ్ళీ నిండేవి. సుబ్బాయమ్మ కూతురి మీద గొడుగు పట్టింది. చాప కిందికి నీళ్ళొచ్చాయి. ఇసక కరిగి మంచం కోళ్ళు ఓ పక్కకు దిగిపోయాయి. గంటన్నర అలాగే ఉన్నారు. మూడున్నరకు బరకం ఓ మూల నుంచి నడిమి వెదురు దాకా చీలిపోయింది. పల్లంరాజు ఎత్తిన చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. పైన మోయడానికి ఏమీ లేదు.

నాలుగింటికి సురేష్‌బాబు ఆటో తీసుకుని వచ్చాడు. చిన్నమ్మాయీ వచ్చింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆటోలో పరదాలు దించి, రాణికి పొడి చీర కట్టించి, తల తుడిచింది. నువ్వూ రా వదినా అని సుబ్బాయమ్మను కూడా పిలిచింది.

సుబ్బాయమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. "రేపటికి వాన తగ్గిపోతుందే. నాన్న మళ్ళీ కడతాడు. నాలుగు రోజులాగి వద్దువుగాని."

"నాన్న కడతాడమ్మా. నాకు తెలుసు. కానీ నేనింక రాను."

"అలా అనకే."

"భయమేసిందమ్మా. నా కోసం కాదు." రాణి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. తండ్రి వైపు చూడలేదు.

పల్లంరాజు తడిసిన సంచి తెచ్చి ఆటోలో పెట్టాడు. "వెళ్ళమ్మా" అన్నాడు. సుబ్బాయమ్మ వెళ్ళలేదు. ఆయన్ను ఒంటరిగా వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

రాజుగారి ధాన్యమూ దక్కలేదు. గాలి ఓ పక్క బరకాన్ని లేపేసిందట. సగం రాశి తడిసి మూడో రోజుకల్లా మొలకొచ్చింది. ఈ సంగతి చెప్పడానికి ఆయన వచ్చారో, ఊరికే వచ్చారో తెలియదు. కాసేపు గట్టు మీద పల్లంరాజు పక్కన కూర్చుని వెళ్ళారు.

ఎనిమిది రోజులకు రాణికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. సుబ్బాయమ్మ వెళ్ళి పది రోజులు ఉండి వచ్చింది. అక్కడ అందరూ బాగానే చూశారు. కానీ పథ్యం వండాలన్నా, పిల్లకు నీళ్ళు పోయాలన్నా, చిన్నమ్మాయిని అడిగి చెయ్యాల్సొచ్చిందని, బాలింతకు పెట్టే కాయం డబ్బా ఎక్కడుందో కూడా తనకు తెలియలేదని వచ్చాక చెప్పింది. చెబుతూ ఏడ్చింది. తండ్రి ఎందుకు రాలేదని రాణి అడిగిందట. పల్లంరాజు వెళ్తానన్నాడు గానీ బారసాలకూ వెళ్ళలేదు. ఫోన్లో ఫొటో పంపితే చూశాడు.

స్థలాల జాబితా పుష్యమాసంలో వచ్చింది. పల్లంరాజు పేరుంది. చూపించిన స్థలం మాత్రం మోకాలి లోతు నీళ్ళలో ఉంది. మెరక చేశాక ఇస్తామన్నారు. ఎప్పుడని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఫిబ్రవరిలో గట్టు పని మొదలైంది. డేరాలు తీసేయమన్నారు.

భీమవరం దగ్గర ఓ రొయ్యల చెరువు మీద కాపలా పని దొరికింది. చెరువు గట్టున రేకుల గది. ఒక్క మనిషి పడుకునేంత చోటు. మేత బస్తాలు కూడా అందులోనే. ఆడవాళ్ళను ఉంచనివ్వమని యజమాని ముందే చెప్పాడు. సుబ్బాయమ్మ అంతర్వేది దగ్గర అక్క వీరమ్మ ఇంటికి వెళ్ళేలా మాట్లాడుకున్నారు. ఎండుచేపలు అమ్ముకుంటే చెల్లెలి తిండి చెల్లెలికి వెళ్తుందని వీరమ్మ అంది.

గిన్నెలు, బట్టలు రెండు మూటలుగా పంచుకున్నారు. పల్లంరాజు పడవను ఒడ్డుకు లాగించి బోర్లించి, వల ఎవరికో ఇచ్చేశాడు. నరసాపురం బస్టాండులో సుబ్బాయమ్మకు కిటికీ పక్కన సీటు దొరికింది. వేళకు తినమని, రోజూ వేసుకునే ఆకుపచ్చ మాత్ర మర్చిపోవద్దని చెప్పింది. ఆయన తలూపాడు. పిల్లను చూసి రమ్మని కూడా చెప్పింది. దానికి ఆయన తలూపలేదు.

బస్సు వెళ్ళాక ఆయన మూట భుజాన వేసుకుని, భీమవరం ఆటోలు ఎక్కడాగుతాయో ఒకరిని అడిగి, అటు నడిచాడు.