బొగ్గుతో రాసిన భాగోతం

మర్రిగూడ బావినీళ్లు చేదుగా ఉండి ఉంటే ఎవరూ తాగేవారు కాదు. తాగడానికి బాగానే ఉండేవి, అదే వచ్చిన చిక్కు. నలభై దాటకముందే మనుషులు కొయ్యబారిపోతుంటే కొందరు గ్రహచారమన్నారు, కొందరు చేతబడి అన్నారు. మారయ్యకు ముందు నడుము పట్టేసింది, తర్వాత మెడ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు అతను రాయడం మొదలుపెట్టిన కరువు భాగోతం అప్పటికి సగంలో ఉంది.

రోజూ కందిచేనికి పోయేముందు ఒక్క చరణమైనా రాయాలి. రాయని పూట అతనికి తిండి సయించదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని ఊళ్లో నవ్వారు. నవ్వేవాళ్లకు పని తక్కువ. మారయ్య తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, మానలేదు.

మెడ వంగక ఒళ్లోని కాగితం కనబడని రోజు వచ్చింది. గోడకు ఆనించి రాయబోతే కలంలోంచి సిరా దిగలేదు. చివరికి సున్నం వేసిన గోడ మీదే బొగ్గుతో మొదలుపెట్టాడు. వేళ్లు ముడుచుకోవు కనుక, భార్య గోపమ్మ బొగ్గుముక్కను గుడ్డపేలికతో అతని చేతికి కట్టేది. నోటితో చెప్పి ఎవరిచేతనైనా రాయించరాదా అంటే ఒకటే జవాబు.

"నా చెయ్యి కదిలితెనే మాట కదులుతది."

భాగోతుల మేళంలో వేషం కట్టే సైదులు అతనికి మేనల్లుడు. గోడ మీదిది కాగితానికి ఎక్కించే పని అతనిదే. కరువుకు మక్తల్ వైపు కూలికి పోయి చాలాకాలం రాలేదు. ఆలోగా ఆఖరి రంగం, వాన వచ్చే రంగం, గోడంతా నిండింది. ఒకరోజు సైదులు వచ్చి, గోడ ముందు నిలబడి మొత్తం రాగం తీసి పాడాడు. గోపమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఊరిదేవత ఉప్పలమ్మ పండుగ దాటినాక కాగితాలు తెచ్చి రాసుకుంటానని మామకు చెప్పి వెళ్లాడు. ఆ మాట అన్నప్పుడు గోపమ్మ అక్కడ లేదు, నీళ్లకు పోయింది.

తర్వాత మారయ్యను బండిలో నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లారు. రోగం నీళ్లలోనే ఉంది, ఆ నీళ్లు తాగొద్దన్నాడు డాక్టరు. వేరే నీళ్లు ఎక్కడున్నాయో చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి గోడ ఎర్రగా ఉంది. ఉప్పలమ్మ పండుగకు గోపమ్మ ఇల్లంతా ఎర్రమన్ను పూసి, మీద సున్నం బొట్లు పెట్టింది. ఒక్క అక్షరం మిగల్లేదు.

"ఏం జేసినవే?" అన్నాడు మారయ్య.

"సైదులు పాడిండు గద," అంది గోపమ్మ. "మా బాపు ఒక్కపారి పాడితె కథ గొంతుల నిలిచేది. గోడతోని ఇంకేం పనున్నదనుకున్న. తల్లికి ఇల్లు పూస్తె నీ మెడ తిరుగుతదని పూసిన."

ఆమె తండ్రి కాగితం ముట్టని కథగాడు. ఆ ఇంట్లో పుట్టినదానికి పాడిందే భద్రం, రాసింది కాదు.

"నీ చేతులు పడిపోను," అనేశాడు మారయ్య.

అన్నాక ఆ చేతుల వంక చూశాడు. పూతమన్ను ఇంకా గోళ్లలో ఉంది. వేళ్లు సగం వంగి ఆగిపోతున్నాయి, ఆమెకు కూడా. తన నోటిని తానే కొట్టుకోవాలనిపించింది, చేయి అంత ఎత్తుకు లేవలేదు. గోపమ్మ ఏడవలేదు, అతనే ఏడ్చాడు.

సైదులుకు కబురు పోయింది. పల్లవి తప్ప తనకేమీ గుర్తులేదని జవాబొచ్చింది.

మర్నాడు మారయ్య బొగ్గు కట్టమన్నాడు. చేయి రొమ్ము దాకానే లేస్తోంది, చూపు అంత కిందికి దిగదు. గోపమ్మకు చదువు రాదు. వరస ఎక్కడ ఆగిందో అక్కడ ఆమె వేలు పెడితే, ఆ వేలు తడుముకుని అతను తర్వాతి మాట రాశాడు. ఆమె వేలు కూడా ఒకచోట నిలవడం లేదు.

పండుగ దాటాక సైదులు కాగితాలతో వచ్చాడు. రెండు వరసలు చదివి ఆగిపోయాడు. ఆ తర్వాత అక్షరం మీద అక్షరం పడి గోడంతా నల్లగా మాసి ఉంది.

"మంచిగున్నది మామా," అన్నాడు.

మారయ్య గోడ వైపే చూస్తున్నాడు.

"అబద్ధం చెప్పకురా. ఏడిదాంక చదవొస్తాందో మీ అత్తకు చూపెట్టు. మిగిలింది తుడిచేస్తది, మళ్ల రాస్త."