నెమలికొండ నిద్రితులు

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నము. చండభానుని కిరణములకు విశాఖనగరపు సముద్రము కరగిన సీసమువలె మెరయుచుండెను. ఇసుకతిన్నెలపై బోర్లించిన పడవల నీడలలో కుక్కలు నాలుకలు వ్రేలవైచి రొప్పుచుండెను. ఆ తీరపుమిట్టపై శ్వేతశిలానిర్మితమై శీతలయంత్రనిశ్వాసములచే నిత్యహేమంతమై యొప్పు రఘువీరప్రసాదుని సౌధమునకు మాత్రము వేసవి యన నెట్టిదో తెలియదు.

రఘువీరప్రసాదునకు ఏ పదవియు లేదు. అయినను పదవులలోనివారు అతని మాట విననిదే సంతకము చేయరు. వర్తకుని కోరికను మంత్రి చెవికిని మంత్రి కోరికను వర్తకుని చెవికిని చేర్చుట అతని వృత్తి. అందు గడించినదానిని నేటి చిత్రకారుల పటములు కొనుటకై వెచ్చించుచుండెను. మంచి చిత్రము నెదుట నిలిచినప్పుడు అతని కన్నులు చెమర్చెడివి. ఆ కన్నీరు బూటకము కాదు. ఒకే మనిషి యెడదలో దేవుడిన్ని గదులు కట్టి వానినడుమ తలుపులు పెట్టుట యేల మరచెనో!

గతవత్సరము అతని ప్రయత్నముననే నెమలికొండ యొక రాతిగని యజమానికి దక్కెను. కొండక్రింది పల్లెవారు దారికడ్డముగా కూర్చుండిరి. తుపాకులు ప్రేలెను. ఏడుగురు చోడిచేలలో పడి నెత్తురు గ్రక్కుకొని చచ్చిరి. అల్లరి పెరుగునను భయమున అధికారులు ఆ శవములను తల్లులకైన చూపక యెచ్చటనో కాల్చివేసిరి. రఘువీరప్రసాదు ఆ కొండ నెన్నడును చూచినవాడు కాడు. వార్త చదివి పత్రికను మడిచి ప్రక్కన పెట్టెను.

చోడిచేని గట్టుచాటున దాగి ఆ చావులను చూచినవాడు ఆ పల్లెకే చెందిన చిత్రకారుడు ఎర్రయ్య. అతడు చూచినది చూచినట్లు వ్రాసి నగరమున ప్రదర్శనకు పెట్టెను. ఎర్రని చేలో ఏడుగురు పడియున్న ఆ బృహత్పటము నెదుట రఘువీరప్రసాదు మైమరచెను.

"పంట కోసి అలసి నిద్రపోతున్నారు. ఎంత ప్రశాంతంగా ఉందయ్యా!"

ప్రక్కనున్న గనియజమాని నవ్వి "నెమలికొండ ఇప్పించిన చెయ్యండీ తమది. ఏది పట్టుకున్నా బంగారమే" అనెను.

ఎర్రయ్య ముఖమున నెత్తురు లేదు. "తమకి నిద్దర్లా కనబడితే నిద్దరే బాబూ" అని పట మిచ్చివేసి నేరుగా పల్లెకు పోయి తాను వినినది తల్లులతో చెప్పెను.

కనుకనే ఆ జ్యేష్ఠమధ్యాహ్నమున సౌధద్వారము ఆ పల్లెవారి గునపపుపోట్లకు కూలెను. కావలివాని తల పగిలి తెల్లని చలువరాతిపై నెత్తురు కాలువ కట్టెను. కొడవళ్లు పటములను నిలువున చీల్చుచుండ ఆ ప్రతిచీలికయు రఘువీరప్రసాదునకు తన చర్మముపైననే పడినట్లయ్యెను. అతడు పరుగునపోయి ఎర్రయ్య పటమునకడ్డముగా చేతులు చాచి నిలిచెను.

"నన్ను కొట్టండి! దీన్ని మాత్రం ముట్టుకోకండి!"

"ఈడేనే అత్తా, కొండమ్మించినోడు!" అని యొక యువకుడు గొడ్డలి విసరెను. అది అతని యెడమభుజమున దిగెను. రెండవవ్రేటునకు గొడ్డలి లేచుచుండ పారమ్మయను ముదుసలి దాని పిడి పట్టుకొనెను. ఆమె చూపు పటముపై నుండెను.

"ఓలమ్మో! ఈడు నా గౌరయ్య! ఇక్కడున్నావేటిరా నాయినా!" అని కొంగుతో ఆ చిత్రముఖమును తుడిచెను.

నెత్తురోడుచు రఘువీరప్రసాదు గొణిగెను. "నిద్రపోతున్నారు కదమ్మా..."

"నిద్దరేటి బాబూ? గుండె కాడ సూడు."

తా నిన్నాళ్లు పువ్వని మురిసిన ఎర్రని చుక్క తూటాగాయమని అతనికప్పుడు తెలిసెను.

యువకుడు గొడ్డలి విడిపించుకొనుటకు పెనగుచుండెను. పారమ్మ యనెను: "ఈ పటమే మా బిడ్డల పాడె. పాడె కింద బుజమెట్టినోడి మీద సెయ్యెత్తగూడదురా. బాబూ, ఈ మూల నువ్వెట్టు."

అది దయయో దండనమో రఘువీరప్రసాదు ఎరుగడు. మంచిభుజమును పటము క్రింద పెట్టెను. పల్లెవారితో వచ్చిన ఎర్రయ్యయు మరి యిద్దరును తక్కిన మూలలు పట్టిరి. కరగిన తారుపై కాళ్లు బొబ్బలెక్కుచుండ నడిచిరి. ముందుపోయినవారు ఇసుకలో పేర్చిన చితి దూరమున కనబడగా అతడు నిలిచిపోయెను.

"కాల్చేస్తారా? ఇలాంటిది మళ్లీ ఎవరూ గీయలేరమ్మా!"

"ఇలాటోన్ని మల్లీ ఎవులు కంటారు బాబూ?"

నడిదారిలో పటమును దింపిరి. శ్మశానమునకు పోవుదారిలో పాడెను దించి చచ్చినవాని చెవిలో పేరు పెట్టి పిలుచుట మనవారి యాచారము. ప్రాణమేమూలనైన మిగిలియున్నచో పలుకునేమోయను కడపటి యాశ యది.

"నువ్వే పిలు" అనెను పారమ్మ.

రఘువీరప్రసాదు మోకరిల్లి "గౌరయ్యా! గౌరయ్యా! గౌరయ్యా!" అని పిలిచెను. పటము పలుకలేదు. కెరటములచప్పుడు మాత్రము వినవచ్చుచుండెను. అతడు రెండవ ముఖముకడకు జరిగి వంగెను. నోరు తెరచెను. పేరు తెలియదు. తలయెత్తి ఆ తల్లులవంక చూచి మెల్లగా అడిగెను.

"ఈ బాబు పేరేమిటమ్మా?"