దొరసాని జాతకం

పళ్ళ డాక్టరుగారి క్లినిక్ వెనక గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు విప్పాలి, చేతులు కడుక్కోవాలి, గొంతు తగ్గించాలి. లోపల ఎవరో పెద్దావిడ జబ్బుగా పడుకుని ఉందనుకుంటారు కొత్తవాళ్ళు. ఉన్నది అరచెయ్యంత చేప. ఒంటి నిండా ఎరుపు తెలుపు చారలు, చుట్టూ మసక నీలం వెలుగు, ఏడాది పొడుగునా ఒకే చల్లదనంలో ఉండే ఉప్పునీళ్ళు. ఎండ సరిగ్గా చేరని లోతుల్లో పుట్టిన ఏంజెల్ ఫిష్ అది. అలాంటిదాన్ని ప్రాణంతో పెట్టుకున్నవాళ్ళు లోకంలో పదిమంది కూడా లేరని డాక్టరుగారు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటారు. ఆయన పెట్టిన పేరు వేరే ఉంది గానీ, క్లినిక్‌లో పనిచేసేవాళ్ళంతా దాన్ని దొరసాని అంటారు.

చెప్పుల విషయంలో ఒక్క బుడగకే మినహాయింపు. అతని కుడికాలు తొడ దగ్గర నుంచి మాట వినదు. తొడ నుంచి బూటు దాకా ఇనప కమ్మీలు బిగించి నడుస్తాడు. కమ్మీలు వేశాక మోకాలు వంగదు, చెయ్యి లేసు దాకా చేరదు. అందుకని రోజూ పొద్దున్నే అతని బావ, అంటే సొంత అక్క మొగుడు, ముంగాళ్ళ మీద కూర్చుని ఆ లేసు కడతాడు. రెండేళ్ళుగా ఒక్కరోజు విసుక్కోలేదు. బావంటే అలా ఉండాలని వీధిలో నలుగురూ అంటారు. బుడగ కూడా అదే అనేవాడు.

బుడగ అన్నది చిన్నప్పటి పేరు. నీళ్ళలో మునిగితే ఎంతకీ పైకి తేలేవాడు కాదు, పైన బుడగలు మాత్రం వచ్చేవి. ‘వాడుగో, బుడగలొస్తున్నాయి, బతికే ఉన్నాడు’ అని స్నేహితులు నవ్వేవాళ్ళు. తర్వాత అదే వృత్తి అయింది. చేపలు సేకరించే పెద్దమనుషుల కోసం ఇంకెవరూ దిగని లోతులకు దిగి, వల వేసి, బతికున్న చేపను బుట్టలో పెట్టి పైకి పంపించేవాడు. రెండేళ్ళ కిందట ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు అతని కాలి మీద వేలు పెట్టి, ‘రక్తంలో బుడగలు కట్టాయి’ అన్నాడు. అక్క గొల్లుమంది. ఆ గదిలో నవ్వొచ్చింది బుడగ ఒక్కడికే.

ఆ పనిలో దిగడం ఎంతసేపో కాదు. నూరు మీటర్ల లోతులో నిలిచేది పన్నెండు నిమిషాలు, పైకి రావడానికి పట్టేది నాలుగున్నర, అయిదు గంటలు. తాడు పట్టుకుని కొంత ఎక్కాలి, ఆగాలి, మళ్ళీ కొంత ఎక్కాలి, మళ్ళీ ఆగాలి. తొందరపడితే ఒంట్లోకి ఇంకిన గాలి రక్తంలో పొంగుతుంది. చేపకూ అదే గతి, ఒక్కసారిగా లాగితే పొట్టలో గాలితిత్తి ఉబ్బి చచ్చిపోతుంది. అందుకే చేప బుట్టను ఇంకో తాడు మీద, మనిషి కన్నా నెమ్మదిగా, అంచెలంచెలుగా పైకి తేవాలి. ఆ రెండో తాడు పడవలో ఉన్న బావ చేతిలో ఉండేది.

ఆ రోజు తప్పు తనదేనని బుడగ ఎప్పుడో ఒప్పుకున్నాడు. దొరసాని రాతి సందులోకి దూరింది. వదిలేసి రావాల్సింది. చారలు చూసి కళ్ళు చెదిరి, నాలుగు నిమిషాలు ఎక్కువ ఉండిపోయాడు. దాంతో చివరి మజిలీ దగ్గర, ఆరు మీటర్ల లోతున, ఇంకా గంట ఆగాల్సి ఉండగానే సిలిండర్లు అడుగంటాయి. పక్క తాడుకు బుట్ట వేలాడుతోంది, బుట్టలో దొరసాని నిమ్మళంగా తోకాడిస్తోంది. దాన్ని చూస్తూనే పైకి తేలాడు.

బావ అతన్ని పడవలోకి లాగి బల్ల మీద పడుకోబెట్టాడు. ముందు పాదం తిమ్మిరి, తర్వాత పిక్క, తర్వాత తొడ. పద బావా, పద బావా అంటుంటే, ఇంజన్ స్టార్ట్ కావట్లేదురా అని బావ ఇంజన్ పెట్టె మీదికి వంగాడు. పానా టంగు టంగుమని మోగుతూనే ఉంది. ఎంతసేపు మోగిందో బుడగకు లెక్క తెలియలేదు. ఆసుపత్రిలో డాక్టరు మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు. ‘రెండు గంటలు ముందు తెచ్చుంటే నడిచి వెళ్ళిపోయేవాడు.’

ఆ మాటకు బావ గోడకు తల ఆనించి ఏడ్చాడు. మంచం మీద నుంచే బుడగ ఆయన్ని ఓదార్చాడు. ‘ఇంజన్ మొరాయిస్తే నువ్వేం చేస్తావు బావా’ అన్నాడు. ఆ పాడు ఇంజన్‌ని అమ్మిపారెయ్యమని తర్వాత ఎన్నిసార్లు చెప్పినా బావ అమ్మలేదు. ‘ఒక్కరోజే కదరా మొరాయించింది’ అనేవాడు.

దొరసాని డాక్టరుగారి దగ్గరికి చేరింది. పన్నెండు రోజులు మెతుకు ముట్టలేదు. చివరికి చంకల కింద కర్రలు పెట్టుకుని బుడగ వచ్చి, రొయ్య ముక్క సన్నగా తరిగి వేళ్ళ మధ్య పట్టుకుని నీళ్ళలో చెయ్యి పెడితే, వచ్చి తింది. అప్పటి నుంచీ అతని చేత్తో తప్ప తినదు. అలా ఆ గదిలో ఉద్యోగం కుదిరింది. కుదిర్చింది బావే.

ఇవాళ డాక్టరుగారు పొద్దుటి నుంచీ ఒకచోట నిలవడం లేదు. దూరం నుంచి చేపల పిచ్చివాళ్ళు ముగ్గురు దొరసానిని చూడటానికి వస్తున్నారు. దాన్ని పట్టి తెచ్చిన పడవ మనిషిగా బావనూ పిలిచారు. డ్రిల్లు పక్కన పెట్టి, నోరు తెరుచుకున్న రోగిని కుర్చీలోనే వదిలి, ఆయన వెనక గదిలోకి పరిగెత్తుకొచ్చారు.

“బుడగా, అద్దం మీద ఒక్క మరక ఉండకూడదు. ఈ ఫ్రేము కూడా తుడిచి తొట్టి పక్కన తగిలించు.”

“ఏం ఫ్రేమండీ ఇది?”

“దొరసాని జాతకం! ఇన్నాళ్ళూ సొరుగులో మగ్గుతోంది. ఇలాంటిది చూపించగలిగేవాడు ఎంతమంది ఉంటారోయ్!” అంటూ రోగి దగ్గరికి వెళ్ళిపోయారు.

లోతు చేపలు కొనేవాళ్ళకి ఒక పట్టింపు ఉంది. ఏ లోతులో దొరికింది, పైకి తెస్తూ ఎక్కడెక్కడ ఎంతసేపు ఆపారు, పడవ మీదే చీటీ రాసి చేపతో పాటు ఇవ్వాలి. చీటీ లేని చేప ఎంత అందంగా ఉన్నా నమ్మరు. తొందరపడి లాగిన చేప నెల తిరక్కుండా పోతుందని వాళ్ళ భయం. బుడగ తన చీటీలు ఎన్నడూ చదివినవాడు కాదు, తాడు పని బావది, చీటీ పని కూడా బావదే.

ఫ్రేములో ఉన్నది దొరసాని చీటీయే. మెత్తటి గుడ్డతో తుడుస్తూ చదివాడు. పెన్సిలుతో బావ రాత, ఏడు అంకెకు అడ్డగీత పెట్టే అలవాటుతో సహా. అరవై మీటర్లు, ముప్ఫై మీటర్లు, పన్నెండు మీటర్లు, అన్నిటికీ గంటలూ నిమిషాలూ ఉన్నాయి. చివరి వరుసలో: ఆరు మీటర్లు, 1:10 నుంచి 3:50 వరకు. కదపలేదు. కింద ఇంకో ముక్క: 3:50 బుట్ట పైకి. 3:55 పడవ బయలుదేరింది.

బుడగ చేతికి ఆనాటి గడియారం ఇంకా ఉంది. లోతూ కాలమూ గుర్తుపెట్టుకునే రకం. ఆ రోజు తర్వాత మళ్ళీ నీళ్ళలో దిగింది లేదు గనక దానికి గుర్తున్న ఆఖరి మునక అదే. మీట నొక్కాడు. పైకి తేలిన సమయం: 1:48.

మళ్ళీ నొక్కాడు. మారుతుందేమోనని ఒక వెర్రి ఆశ. మారలేదు. రెండు గంటలు. డాక్టరు చెప్పిన లెక్క చెప్పినట్లే. గుడ్డ చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకోవడం అతని వల్ల కాదు, దాన్ని అలాగే చూస్తూ నిలబడ్డాడు.

బావ ఇస్త్రీ చొక్కాలో, దువ్విన తలతో, ఉప్పు బస్తాలు పెట్టే నడవలోంచి లోపలికి వస్తున్నాడు. బుడగ ఎదురెళ్ళి దారికి అడ్డం నిలిచాడు.

“బావా, ఆ రోజు ఇంజన్ బాగానే ఉంది కదూ?”

బావ నవ్వబోయాడు. తలుపు సందులోంచి ఫ్రేము కనిపించింది. నవ్వు ఆగిపోయింది.

“ఇప్పుడెందుకురా అవన్నీ.”

“ఉందా లేదా?”

“పడవ కదిలితే బుట్ట తన్నుకుపోతుంది. తాడు కోసేస్తే చేప పోతుంది. అంత కష్టపడి పట్టావు... పది నిమిషాలు చూద్దామనుకున్నాను. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావురా. మంచినీళ్ళడిగావు, తాగావు. తిమ్మిరే కదా, తగ్గిపోతుందనుకున్నాను. ఇంకో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు...”

“మరి ఆ పానా?”

బావ నేల చూశాడు. “నువ్వు కంగారు పడతావని.”

బుడగకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు ఇంజన్ని తిట్టాడు. ప్రాణం లేని ఇనుముని. ఈయన గోడకు తల ఆనించి ఏడుస్తుంటే వీపు నిమిరాడు.

“మీ అక్కకు చెప్పకురా. తట్టుకోలేదు,” అన్నాడు బావ.

అంతలోనే డాక్టరుగారి గొంతు, వెనకాలే అతిథుల అడుగులు. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, గుసగుసలాడుకుంటూ ముగ్గురూ లోపలికి వచ్చారు. బట్టతలాయన ఒకరు, కళ్ళజోడావిడ ఒకరు, మెడలో కెమెరా వేసుకున్నాయన ఒకరు. దొరసాని చారలు తిప్పుకుంటూ రాయి చాటు నుంచి వచ్చింది. ముగ్గురూ తొట్టి అద్దం దగ్గరికి వంగారు. డాక్టరుగారు బావ భుజం మీద చెయ్యి వేసి, “ఈయన చేతుల మీదుగానే వచ్చింది” అని పరిచయం చేశారు.

తొట్టిలో నీటి మట్టం గుర్తు పెట్టే మార్కరు బుడగ జేబులోనే ఉంది. అందరూ చేపను చూస్తుంటే అతను ఫ్రేము దగ్గరికి నడిచాడు. ఇనప కమ్మీలు కిర్రుమన్నాయి. 1:10 కీ 3:50 కీ మధ్య, అద్దం మీద, పెద్ద అక్షరాలతో రాశాడు: ‘1:48. మనిషి పైకి వచ్చాడు. కాలు చచ్చిపోతోంది. ఇంజన్ బాగానే ఉంది.’

“ఏం రాస్తున్నావోయ్?” డాక్టరుగారు గొంతు తగ్గించడం మరిచారు.

అందరూ ఇటు తిరిగారు. బుడగ పక్కకు జరిగాడు. చదవండి అన్నట్టు చెయ్యి చూపించాడు. ఇప్పుడు తెలుస్తుంది, ఈ పెద్దమనుషులు బావ మొహాన ఉమ్మేస్తారు అనుకున్నాడు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

కళ్ళజోడావిడ దగ్గరగా వంగి చదివింది. బుడగ కాలి వంక చూసింది, బావ వంక చూసింది.

“అంటే, మనిషి ఈ స్థితిలో పక్కనే ఉన్నా బుట్ట కదపలేదా?”

“లే... లేదండీ,” అన్నాడు బావ.

“పూర్తి రెండు గంటలూ?”

“అవునండీ.”

ఆవిడ బట్టతలాయన వైపు తిరిగింది. “చూశారా! అందుకే రెండేళ్ళైనా ఇంత ఆరోగ్యంగా ఉంది. ఇంత నిష్ఠగా తెచ్చిన చేప ఇంకోటి ఉండదు.”

బట్టతలాయన వచ్చి బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. కెమెరా ఆయన ఫ్రేముకు రెండు ఫొటోలు తీసి, బుడగను కూడా పక్కన నిలబడమన్నాడు, కాలు కనిపించేలా. డాక్టరుగారి మొహం దీపంలా వెలిగింది.

“ఇన్నాళ్ళూ చెప్పవేమయ్యా ఈ సంగతి!” అన్నారు బుడగతో. “మార్కరు చెరిగిపోతుంది. రేపు ఫ్రేము విప్పుతాను, కాగితం మీదే శుభ్రంగా రాసిపెట్టు. ఆ, ఇప్పుడు దొరసాని ఎలా తింటుందో వీళ్ళకు చూపించు.”

చూపించాడు. రొయ్య ముక్క పట్టుకుని చెయ్యి నీళ్ళలో పెట్టాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. పిడికిలి మూస్తే అందేంత దగ్గరికి వచ్చింది దొరసాని, వేళ్ళ మధ్య నుంచి ముక్క లాక్కుని తింది. దానికేం తెలుసు. వెనక ఎవరో సన్నగా చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్ళాక నడవలో బల్ల మీద కూర్చున్నాడు బుడగ. బావ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చేతిలో అతిథులిచ్చిన పూలగుత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక ఉప్పు బస్తా మీద పెట్టాడు. లోపల నీళ్ళు చల్లబరిచే మిషను గుర్రుమంటోంది.

“లేసు ఊడిందిరా,” అన్నాడు బావ చివరికి.

అలవాటుగా ముంగాళ్ళ మీద కూర్చుని బూటు మీద చెయ్యి వేశాడు. ముట్టుకోకు అని బుడగ అరవాలనుకున్నాడు. కాలు వెనక్కి లాక్కోవాలనుకున్నాడు, పళ్ళు బిగించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి.

కాలు కదల్లేదు. బావ లేసు కట్టాడు.