సుభద్రాంబ యుంచిన ఫ్లాపీ

మార్గశిరమాసారంభమున బాపట్లపురమునందు సముద్రమువైపునుండి వచ్చిన మంచు వీథులను గప్పి పెంకుటిండ్ల చూరులనుండి బొట్లుబొట్లుగా రాలుచుండగా సూర్యుడు లేచుటకు బద్ధకించిన యొక ప్రాతస్సమయమున, పాలవాని సైకిలుగంట తప్ప వేఱు శబ్దమెఱుగని యొక యింటి తూర్పుగదిలో, భూగోళశాస్త్రోపాధ్యాయుడుగా ముప్పదియేండ్లు పనిచేసి విరమించిన వంగర శేషావధానులు శాలువ కప్పుకొని కంప్యూటరు నెదుట గూర్చుండి దాని మీట నొక్కెను. తెర వెలిగి, లోపలనున్న ఫ్లాపీని దీసి యేదేని యక్షరము నొక్కుమని యాజ్ఞాపించెను. ఆయన యట్లే దానిని దీసి కన్నుల కద్దుకొని యక్షరము నొక్కి, యంత్రము మేల్కొన్న పిదప మఱల దాని చోటనే యుంచెను. ఇరువదినెలలుగా నిదియే యాయన ప్రాతఃకాలానుష్ఠానము. దినమున కొకమారైన దనతో మాటాడునది యా యింట నా తెర యొక్కటియే.

ఆ ఫ్లాపీని దన చేతితో నందుంచినది యాయన భార్య సుభద్రాంబ. ఆమె యిరువదియేండ్లు సముద్రతీరగ్రామములు గాలించి వృద్ధాంగనలు పాడు లాలిపాటలను నలుగుపాటలను పెండ్లిపాటలను నాలుగువందలకు పైగా సేకరించి యా యంత్రమున స్వయముగా టైపుచేసెను. కొన్నింటిని ఫ్లాపీకెక్కించి యొక ముద్రణాలయమునకు బంపి, తిరిగి తెప్పించుకొని యంత్రమునం దుంచిన నాడే గుండెనొప్పితో నాసుపత్రికి బోయి మఱల నిల్లు చూడలేదు. సంతానము లేని యా దంపతులకు బిడ్డలన్నను మనుమలన్నను నా పాటలే. వ్రాసికొన్న నోటుపుస్తకములు చెదలపాలగుటచే ఫ్లాపీకెక్కిన కొన్నింటికి దప్ప తక్కినవానికి వేఱు ప్రతి లేదు. ఆమె పాడుచున్నంతకాలము వార్తాపత్రికలో దలదూర్చి విననట్లు నటించిన యవధానులు, ఆమె పోయిన తరువాత దినమున కొక పాట తెరపై మౌనముగా జదువుకొనుచు ప్రాణము నిలుపుకొనుచుండెను.

అట్టి పాటలకు దెగులు పట్టెను. ఒకనాడొక లాలిపాట తెఱవగా నక్షరములకు మాఱుగా బిచ్చిగీతలు గానవచ్చెను. వారము తిరుగకమునుపే పదునొకండు పాటలు నశించెను. కంప్యూటర్లు బాగుచేయు మస్తాన్‌వలీ వచ్చి, యంత్రము మేల్కొనగానే మొట్టమొదట జదువుకొను డిస్కు తొలిభాగమున వైరస్సు కాపురము పెట్టినదని చెప్పి దానిని వెడలగొట్టి పోయెను. మఱునాటికే యది తిరిగి వచ్చెను. రెండవమారును వెడలగొట్టెను, రెండవమారును వచ్చెను. ఇట్లే సాగినచో నెల తిరుగునప్పటికి పాట యొక్కటియు మిగులదని యాతడు చెప్పెను.

ఆ యుదయమున మంచు విడిపోయి యెండ గడపలోనికి వచ్చు వేళకు మస్తాన్‌వలీ మూడవమారు వచ్చెను. వాని స్కూటరు చప్పుడు వినగానే యవధానులు, వెనుకటి రెండుమారులు చేసినట్లే, భార్య యుంచిన వస్తువునకు బరహస్తము సోకరాదని యా ఫ్లాపీని దీసి యామె కుంకుమభరిణె ప్రక్కన దాచెను. మస్తాన్‌వలీ తన సంచిలోని శుభ్రమైన ఫ్లాపీతో యంత్రమును మేల్కొలిపి చాలసేపు శ్రమించి వైరస్సును వెడలగొట్టెను. ఎల్లప్పుడు పని కాగానే పోవువాడు నాడు చలికి గాఫీ యడిగి కూర్చుండెను. ఆతడు పోవునందాక దాళలేక యవధానులు ఫ్లాపీని దెచ్చి దాని చోట నుంచెను.

"అదేంటండీ మాస్టారూ, లోపల పెడుతున్నారు?"

"మా ఆవిడ పెట్టింది బాబూ. ఎక్కడిదక్కడే ఉంచుతున్నాను."

"పొద్దున్నే మిషను వేసేటప్పుడు కూడా అందులోనే ఉంటదా?"

"ఉంటుంది. తీయమంటుంది. తీసి, మిషను లేచాక మళ్లీ పెడతాను."

మస్తాన్‌వలీ కాఫీగ్లాసు క్రింద నుంచెను. "మీరు తీసేలోపే ఆ వైరస్ లోపలికి దూరిపోద్దండీ. రోగమంతా దీంట్లోనే ఉంది. ఇలాంటివి తమ తేదీ వచ్చేదాకా నిద్రపోయి అప్పుడు లేస్తయ్. నేను కడిగి పోతుంటే మీరే మళ్లీ ఎక్కిస్తున్నారు."

పాటలను జంపిన చేయి తనదేయని తెలిసి యవధానులు కుర్చీలో గూలబడి పసివానివలె నేడ్చెను. మస్తాన్‌వలీ తన కుర్చీ నాయన ప్రక్కకు జరుపుకొనెను.

"శుభ్రం చేసిస్తానండీ, అందులో పాటలెక్కడికీ పోవు. కానీ ఇంక మిషన్లో ఉంచనని అమ్మగారి మీద ఒట్టేయండి."

అవధానులు తానే ఫ్లాపీని వెలికి దీసి పట్టుకొని చాలసేపు విడువలేదు. మస్తాన్‌వలీ చేతిరుమాలుతో వ్రేళ్లు తుడుచుకొని రెండు చేతులు సాచెను. అప్పుడిచ్చెను.

మఱునాటి యుదయమున మీట నొక్కగా యంత్రము తిన్నగా మేల్కొనెను. ఏమియు దీయుమని తెర యడుగలేదు. అలవాటుగా లేచిన చేయి యా ఖాళీ సందును దడవి యొడిలోనికి వాలెను. భార్య పోయిన నాడుకూడ నింత యొంటరితనము నాయన యెఱుగడు. ప్రియజనులు విడిచిన వస్తువును గదలనీయక కాచుటకంటె వారు గూర్చినదానిని బ్రదుకనిచ్చుట కష్టమని యప్పుడు తెలిసెను. చెడక మిగిలిన పాటలలో మొదటిదానిని దెఱచి, పుట్టి బుద్ధెఱిగి యెన్నడును బాడని యా గొంతు నెత్తి, వణకుచు దప్పులు పోవుచు బిగ్గరగా బాడసాగెను.

వీథిలో సైకిలుగంట యాగెను. "మాస్టారూ, ఇంటికెవరన్నా వచ్చారా? పాట వినబడుతుంది!" అని పాలవాడు కేకవేసెను.

"ఎవరూ రాలేదు నాయనా. నేనే."

పాలవాడు పాలు పోసి పోయెను. అవధానులు రెండవ పాట తెఱచెను.