మా అన్న గొంతు ఆగిన దినం

నాకు పిచ్చి లేచిందని సిరిసిల్లల అందరికి తెలుసు. దాచిపెట్టుడెందుకు. కని ఎప్పుడు లేచింది, ఎప్పుడు తగ్గిందన్నది ఇప్పటికి నాకే సక్కగ తెల్వది. తెలిసినోడు ఎవడన్నుంటె అచ్చి నాకు చెప్పున్రి.

నేను సాంచాలు, అంటె కరెంటు మగ్గాలు, నడిపేటోన్ని. నాలుగు సాంచాలు ఒక్కన్నే సూసుకుందును. పోగు తెగితె ముడెయ్యాలె, నూలు కండె అయిపోతె మార్చాలె, గంతే పని. మా అన్న రాజమౌళి నా పక్క సాంచాలే నడిపెటోడు. ఎనభై ఆరుల ఒకనాడు పనిల నుంచి లేచి పోయిండు, మల్ల రాలే. అడివిల అన్నలల్ల, నక్సలైట్లల్ల, కలిసిండని తర్వాత తెలిసింది. పోలీసోళ్లు నాలుగైదుసార్లు ఇంటికచ్చి అడిగిన్రు. మాకు తెలిస్తె గద చెప్పెటానికి.

మూడేండ్లయినంక ఒకనాడు సాంచాల సప్పుడుల మా అన్న గొంతు ఇనవడ్డది. "తమ్మీ, మూడో సాంచ మీద పోగు తెగింది." పోయి సూస్తె నిజంగనే తెగింది. నాకు ఏడుపచ్చింది, సంతోషానికి. గా దినం నుంచి దినాం చెప్పెటోడు.

రెండు నెలలు పోగుల ముచ్చటే. తర్వాత మాట మారింది. "నీళ్లల్ల మందు కలిపిన్రు. తాగకు. బిడ్డకు తాపకు." మా అన్న చెప్పిండంటె నాకు ఇంక ఆలోచన లేదు. గప్పుడు నా పెండ్లాం అంజవ్వ, మా అవ్వ సత్యవ్వ ఇద్దరు కోరుట్లకు, అంజవ్వ తల్లిగారింటికి పెండ్లికి పోయిన్రు. నేను తాగలే. ఐదేండ్ల నా బిడ్డను సుత తాగనియ్యలే. అర్రల పెట్టి గొళ్లెం పెట్టిన. ఒకటిన్నర దినం. అంజవ్వ అచ్చి తలుపు తీసేసరికి పిల్లకు పెదువులు పలిగినయి, ఏడువ సుత శాతనైతలేదు. గది తల్సుకుంటె నా మీద నాకే అసయ్యమైతది.

జగిత్యాలకు ఐతారం ఐతారం హబీబుద్దీన్ అని ఒక మనసు డాక్టర్ అస్తుండె. అంజవ్వ నన్ను గాయన దగ్గరికి గుంజుకపోయింది. నేను మా అన్న గొంతు నిజమైందే అని కొట్లాడిన. పోగుల సంగతి చెప్పిన.

"నాలుగు సాంచాల మీద దినానికి ఎన్ని పోగులు తెగుతయి?" అని అడిగిండు డాక్టర్.

"నూరు. నూలు మంచిగలేకుంటె ఇంక ఎక్కువ."

"అయితె ఆయన ఎప్పుడు చెప్పినా ఏదో ఒక పోగు తెగే ఉంటది గదా. చెప్పినా తెగంది ఎన్నడన్న ఉందా?"

"ఉంది సార్, శానసార్లు. మజాక్ చేస్తుండనుకున్న."

డాక్టర్ నవ్వలే. రాసుకుండు. పొద్దుమీకి రెండు గోలీలు మింగుమని ఇచ్చిండు.

పద్దెనిమిదో దినం గొంతు ఆగింది. బిడ్డ నా దగ్గరికి అచ్చుడు మొదలుపెట్టింది. కని గోలీలకు నా చేతులు వణుకుడు పట్టినయి. నోట్లెకెల్లి సొల్లు కారుడు, మొఖం చెక్క లెక్క అయ్యుడు. ఇరవై ఏండ్లు కండ్లు మూసుకొని ఏసిన ముడి, గిప్పుడు కండ్లు పెద్దగ తెరిసినా పడుతలేదు. సాంచాల కాడ అందరి ముంగట నా పోగు ఇంకొకడు ముడేస్తుంటె సిగ్గుకు సావబుద్ధయింది.

గట్లున్నంక పేపర్ల అచ్చింది. బీర్పూర్ దిక్కు అడివిల ఎదురుకాల్పులు, ముగ్గురు సచ్చిన్రు, అండ్ల రాజమౌళి ఒకడు. మేం తెలుసుకొని పోయేసరికి కాలవెట్టుడు సుత అయిపోయింది, మొఖం సూడలే. మా అవ్వ నమ్మలే. "గా పేరు ఎంతమందికి లేదు?" అన్నది. నేను మాత్రం తారీకు సూసిన. గొంతు ఆగిన దినమే అది.

మల్ల జగిత్యాల పోయిన. "సార్, గోలీలకు ఆగిందా, మా అన్న సచ్చిపోతె ఆగిందా?"

డాక్టర్ నా చీటి తిరగేసిండు. "గోలీలకే అనుకుంటున్న," అన్నడు. "కని నీ ఒక్కని మీద రుజువు సూపెట్టలేను. గోలీలు ఆపినోళ్లు పదిమంది ఉంటె ఏడాది తిరిగేసరికి ఆరేడుగురికి తిరగబెడతది. మింగెటోళ్లల్ల సుత ఇద్దరు ముగ్గురికి తిరగబెడతది. ఆపినా ఏంగానోళ్లు సుత ఉన్నరు."

"నేను గీళ్లల్ల ఎవలల్ల ఉన్న సార్?"

"అది ముందుగాల చెప్పే ఇద్య మా దగ్గర లేదు, పరశురాములు." గట్లని ఒక గోలీ సగం తగ్గిచ్చి, వణుకుడుకు ఇంకో తెల్లది రాసిచ్చిండు. సొంతంగ ఆపద్దన్నడు.

నేను ఇంటికచ్చి గోలీలు ఆపిన. అంజవ్వకు తెల్వకుంట కండెల డబ్బల దాచిన. నా ఆలోచన గిది. అన్న సచ్చిపోయినంక సుత గొంతు అచ్చిందంటె అది జబ్బు. రాకుంటె, ఇన్ని దినాలు మాట్లాడింది మా అన్ననే.

నలభయ్యో దినం గొంతు మల్ల అచ్చింది. "తమ్మీ, పోగు తెగింది." గప్పుడు నాకు ఇంకోటి తోసింది. అన్న బతికే ఉన్నడేమో, పేపర్ల పేరు ఇంకొకనిదేమో. ఎటు తిప్పినా రెండు దిక్కుల సరిపోతున్నది. నెత్తి గోడకేసి కొట్టుకుందామనిపిచ్చింది.

నాకు తెల్వంది, మా అవ్వకు తెలిసింది అడగాలె అనుకున్న. "అన్నా, నువ్వు పోయిననాడు అవ్వ ఏం కట్టిచ్చింది?" అని అడిగిన. "సత్తుపిండి," అన్నడు. ఇంటికి ఉరికిన. అవ్వ కండెలు చుడుతున్నది.

"అవ్వా, అన్న పోయిననాడు నువ్వు సత్తుపిండి కట్టిచ్చినవా?"

సూడున్రి నా తెలివి. జవాబు నేనే చేతిల పెట్టి అడిగిన.

"అవు కొడుకా, సత్తుపిండే," అన్నది అవ్వ. "నీకెవలు చెప్పిన్రు? వాడేనా? వాడు బతికున్నడా?" నన్ను పట్టుకొని ఏడ్సింది.

అంజవ్వ బీడీలు చేసుకుంట తలకాయ లేపలే. "అత్తా, గా దినం నువ్వు గొల్లపల్లిల మీ చెల్లెలింట్ల ఉంటివి గద. ఆఖరుసారి బువ్వ సుత పెట్టకపోతినని మూడు దినాలు ఏడ్సినవు."

అవ్వ ఆమె దిక్కు సూడలే. యాదికి తెచ్చుకుందామంటె నా తలకాయల గా దినాలన్ని గంజి పెట్టిన పోగుల లెక్క అంటుకపోయినయి. అంజవ్వ నన్ను పక్కకు పిలిసింది. "గోలీలు ఆపినవు. ఐతారం దాక సూస్త. మింగుడు మొదలు పెట్టకుంటె బిడ్డను తీస్కొని కోరుట్ల పోత, మల్ల రాను."

తెల్లారి అంజవ్వ బీడీలు అప్పజెప్ప పోయింది. నేను బువ్వ తింటున్న. గొంతు మెల్లగ అన్నది, "నీళ్లు, తమ్మీ. బిడ్డకు తాపకు." నోరు మూసుకొనే ఉందామనుకున్న. అవ్వ నా మొఖమే సూస్తున్నది.

"ఏమన్నడు కొడుకా?"

"నీళ్లు మంచిగలేవట," అన్న. నోరు జారిన.

బిడ్డ అప్పుడే కుండల ముంచుకొని గిలాస నోటికాడ పెట్టుకున్నది. అవ్వ లేచి గిలాస గుంజుకున్నది. "మీ పెద్దబాపు వద్దంటుండు," అన్నది. అవ్వకు ఏ జబ్బు లేదు, ఎన్నడు ఏ గొంతు ఇనలే. బిడ్డ ఏడువలే. తలుపు దిక్కు సూసింది, మల్ల నా దిక్కు సూసింది. గొళ్లెం పెడతననుకున్నది.

నేను లేచి కండెల డబ్బల గోలీలు తీసిన. అవ్వ చేతిల గిలాస తీసుకొని, గా నీళ్లతోనే రెండు మింగిన. మిగిలిన నీళ్లు బిడ్డకిచ్చి తాగుమన్న. అది నా దిక్కు సూసుకుంట తాగింది.

అవ్వ నా చెయ్యి పట్టుకున్నది. "అవి మింగితె వాడు పోతడు కొడుకా."

"పోనియ్ అవ్వా," అన్న. నేనే అన్న గా మాట. మా అన్నను.

ఐతారం డాక్టర్‌తోని అన్ని చెప్పుకున్న. తిట్టిండు, తగ్గిచ్చి రాసిచ్చిండు. నెల తిరిగేసరికి గొంతు ఆగింది. అంజవ్వ కోరుట్ల పోలే. నా చేతులు ఇంక వణుకుతనే ఉన్నయి, పోగులు అంజవ్వ అచ్చి ముడేస్తున్నది.

గొంతు ఆగినంక సుత అవ్వ దినాం అడుగుతది, "ఇయ్యాల ఏమన్నన్నడా?" మొదట్ల ఏమనలేదని చెప్పిన. మూడు దినాలు ఆమె బువ్వ ముట్టలే. నాలుగో దినం, "మంచిగున్నడట అవ్వా. నిన్ను తినుమన్నడు," అన్న. తిన్నది. అప్పటి నుంచి దినాం ఒక మాట చెప్తున్న. గీ మాటలు నేనే అల్లుతున్న, నాకు తెలుసు.

కని నిన్న అవ్వ అడగకముందే, నేను అల్లకముందే, మాట నా నోట్లెకచ్చింది. ఐతారం పోయి డాక్టర్‌ను అడగాలె.