అమ్మడికి తొమ్మిది మార్కులు

ఫోన్ మోగేసరికి నా చేతుల నిండా బావ చొక్కాల నురగ. గరివిడి ఫ్యాక్టరీ నుంచి ఆయన ప్రతి శనివారం మోసుకొచ్చే మాసిన బట్టల మూట విప్పుతుంటే, పెళ్లై రెండు నెలలైనా నాకింకా ఒళ్లు పులకరిస్తుంది. నవ్వకండి, డిగ్రీ చదివిన సంగతి ఆ క్షణంలో గుర్తుండదు. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. శ్రీకాకుళంలో కొత్తగా పెట్టిన శిక్షణ కేంద్రం నుంచి టీచరు పద్మకుమారి గారు. "మీ ఆడపడుచుకి సీటొచ్చిందమ్మా, సోమవారం తీసుకురండి" అన్నారు. నురగ చేతులతోనే పరిగెత్తి అమ్మడిని వాటేసుకుని గెంతాను. ఎందుకో తెలియకపోయినా తనూ గెంతింది.

అమ్మడు బావకి చెల్లెలు. ఇరవై మూడేళ్లు. పుట్టినప్పటి నుంచీ బుద్ధి ఎదుగుదల నెమ్మది, మాట నెమ్మది, నవ్వు మాత్రం తొందర. తన స్నానం, జడ, అన్నం ముద్దలు, నెలసరి గుడ్డలు అన్నీ మా అత్త బుల్లమ్మే చూస్తుంది. తెల్లారకుండా కళింగపట్నం రేవుకెళ్లి చేపలు కొని, అమ్ముకొచ్చి, ఎండబెట్టినవి తిరగేసి, మళ్లీ ఆ జడ దగ్గరికి. మావయ్య పోయాక ఆవిడ ఒక పెళ్లికెళ్లి నిమ్మళంగా కూర్చున్నది లేదు. కేంద్రంలో నేర్పేది ఇదే, ఎవరి పని వాళ్లు చేసుకోవడం. ఏది వచ్చో ఏది రాదో రాయమని ఇరవై ప్రశ్నల కాగితం ముందే ఇచ్చారు. సోమవారం మాత్రం అమ్మడు తనంతట తనే స్నానం చేసి తయారై రావాలట. జడ వంకరగా ఉన్నా సరేనట.

"అన్నిటికీ రాదని రాసీ" అంది అత్త. "నాను పంపను. దానికి ఒళ్లు రుద్దుకోడం రాదు, ఏడినీళ్లు మీద పోసీసుకుంటాది. నానుండగా నా గుంటకేటి లోటు?"

మీరు లేని రోజున అత్తా, అనబోయి మింగేశాను. కాగితం తీసి అమ్మడి పక్కన చతికిలబడ్డాను. పళ్లు తోముకోవడం వచ్చు. బట్టలు మడతపెట్టడం వచ్చు, దండెం మీదవి తీసి అప్పుడే చూపించింది. వంటలో సాయం?

"నెత్తల్లు! నిన్న నానే ఆ చేపల తలలు తుంచినాను" అంది అమ్మడు.

"అదీ ఒక పనేటే?" అంది అత్త.

"పనే" అని టిక్కు పెట్టాను. మొత్తం తొమ్మిది.

మంచం మీద ఫోన్ చూసుకుంటున్న బావ పకపకా నవ్వాడు. "ఇరవైకి తొమ్మిదేనేటి? ఫెయిలైపోనావే అమ్మడూ!"

నాకు ఉక్రోషమొచ్చింది. కాగితం వెనక్కి తిప్పాను. "నీకూ రాద్దాం, రా బావా. మొదటి ప్రశ్న, తన బట్టలు తను ఉతుక్కోగలరా?" ఆయన నా బకెట్ వైపు చూసి తల గోక్కున్నాడు. "తిన్న కంచం తీస్తారా? కూర వేడి చేసుకోగలరా? ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పు."

"పైన... అరలో."

"కింద!" అని అరిచింది అమ్మడు.

ఆయనకి ఏడొచ్చాయి. నవ్వి నవ్వి నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లలోనే ఏదో గుచ్చుకుంది. ఒక్క కడుపున పుట్టిన ఇద్దరు. రాదని ఒకరిని గడప దాటనివ్వలేదు. రాకపోయినా ఇంకొకరికి ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, నేనొచ్చాను. ఆయనకి రానివాటికి ఇంట్లో ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. రెండు నెలలుగా పులకరిస్తున్న నేనూ పెట్టలేదు. ఆ పులకరింత నిజమే. కానీ ఇంకో ఇరవయ్యేళ్లు ఆ మూట ఇలాగే వస్తే, అప్పుడు నా పేరేమిటి?

చదవడం రాని అత్త ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసింది. "వినోదుకి ఏడా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

సాయంత్రం తనే వేడినీళ్లలో చన్నీళ్లు తొరిపి, చెయ్యి పెట్టి చూసి, అమ్మడి చేతికి చెంబిచ్చి బయటికొచ్చేసింది. తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. లోపల చెంబు కింద పడ్డ చప్పుడైతే ఉలిక్కిపడింది గానీ తలుపు తొయ్యలేదు. చాలాసేపటికి అమ్మడు బయటికొచ్చింది, నైటీ తిరగేసి, చెవి వెనక సబ్బు నురగతో. "నానే!" అంది. అత్త చెయ్యి ఆ చెవి వైపు లేచి, సగంలో ఆగి, కిందికి దిగింది.

"ఒరే వినోదూ" అంది కాసేపటికి. "రేపు నానూ కోడలూ శ్రీకూర్మం గుడికి ఎల్తన్నాం. సాయంత్రం దాకా రాం. వంట మీ అన్నాసెల్లెల్లదే."

"అమ్మా, నాకు పప్పు కూడా రాదే!"

"నేర్సుకో." ఆవిడ నా వైపు తిరిగింది. ముఖంలో ఏదో కొత్త పెళ్లికూతురి కంగారు. "ఏడు గంటల బస్సే, ఉషా. నీ పట్టుచీర తీసుకో. నాదీ ఒకటి ఉన్నాది, పెట్లో అడుగున."